వారానికి మూడు శనివారాలు

మా ఆవిడ పోయి ఏడాది నిండుతోందని జర్మనీలో, ఈ లైప్‌జిగ్‌లోని మా తెలుగువాళ్ళు ఆదివారం భోజనాలు ఏర్పాటు చేసి, ఆవిడ గురించి నన్నొక పేజీ రాసి చదవమన్నారు. నా ప్రసంగమంటే ఈ ఊళ్ళో రెండొందల మంది చెవులు కోసుకుంటారు. సరే, ముప్ఫై మంది. అందులో సగం పులిహోర కోసం.

రాశాను. ఆవిడ మహా భక్తురాలనీ, నలభై ఏళ్ళలో ఒక్క శనివారం కూడా ఒక్కపొద్దు తప్పలేదనీ, మంచినీళ్ళయినా ముట్టేది కాదనీ, ఉపవాసంతో మొహం వెలిగిపోయేదనీ. నా రాతకు నాకే కళ్ళు చెమర్చాయి.

మా అమ్మాయి ఇక్కడి యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఎప్పుడో వెయ్యేళ్ళ కిందట ఐర్లాండులో క్రైస్తవ సన్యాసులు రాసిపెట్టిన భక్తురాళ్ళ కథలు దాని సబ్జెక్టు. నా కాగితం చదివి బల్ల మీద విసిరికొట్టింది.

"అచ్చం ఆ సన్యాసులు రాసినట్టే ఉంది నాన్నా."

"మెచ్చుకోలా, తిట్టా?"

"తిట్టే. ఓ కథ చెప్తా విను. ఓ పేదరాలి ఇంటికి సెయింటు గారు చెప్పాపెట్టకుండా దిగుతారు. ఆవిడ ఉన్న ఒక్క దూడనీ కోసి వండిపెడుతుంది. తెల్లారేసరికి దూడ బతికొచ్చి తల్లి పక్కన నిలబడుతుంది. మిరకిల్! ఆవిడ పేరు రాయలేదు. ఆవిడ తిన్నదో లేదో రాయలేదు. దూడ తిరిగి రాని ఇళ్ళ గురించి అసలే రాయలేదు."

"నాకెందుకే ఇదంతా?"

"అమ్మ ఒక్కపొద్దులు శనివారమే ఉండేదా?"

ఒళ్ళు మండిపోయింది. కన్నతండ్రిని నిలదీస్తుందా! అన్నం మానేసి గదిలో తలుపేసుకు కూర్చున్నాను. మానేశానన్నది అబద్ధం. రెండు దోసెలు తినే వెళ్ళాను.

లోపల కూర్చున్నాక కోపం ఆ సన్యాసుల మీదికి మళ్ళింది. అక్కడా ఎక్కువసేపు నిలవలేదు.

మా ఆవిడకు దేవుడి పట్టింపే లేదు. దీపం కూడా నేను గుర్తుచేస్తేనే పెట్టేది. నేనేమో ఆఫీసు నుంచి చెప్పాపెట్టకుండా స్నేహితుల్ని భోజనానికి లాక్కొచ్చేవాణ్ణి. నలుగురికి వండింది ఏడుగురికి సర్దేది. ఎవరైనా "మీరూ కూర్చోండమ్మా" అంటే, "నాకివాళ శనివారం ఒక్కపొద్దు అన్నయ్యగారూ" అనేది. మంగళవారం నాడు అనేది. గురువారం నాడూ అనేది. మా ఇంట్లో వారానికి మూడు శనివారాలు వచ్చేవి.

నాకు తెలుసు. క్యాలెండరు నా ఎదుటి గోడకే ఉండేది. పెరుగన్నం కలుపుకుంటూ "మా ఆవిడ భక్తి అలాంటిది" అని నేనే గొప్పలు పోయేవాణ్ణి. ఆ సన్యాసులు ఎన్నడూ చూడని ఆడవాళ్ళ గురించి రాశారు. నేను ఎదురుగా కూర్చుని, తిని, రాశాను.

కాగితం చింపి మళ్ళీ రాశాను.

ఆదివారం హాల్లో నిర్వాహకుడు భుజం మీద చెయ్యేశాడు. "అంకుల్, ఆంటీ డివోషన్ గురించి కొంచెం ఎక్కువ చెప్పండి. మన లేడీస్‌కి ఇన్‌స్పిరేషన్‌గా ఉంటుంది."

"డివోషన్ లేదు బాబూ. ఆకలి ఉంది. అదే చెప్తా."

చెప్పాను. చప్పట్లు పడలేదు. నిర్వాహకుడు గొంతు సవరించుకుని "సరే, భోజనాలు" అన్నాడు. మగవాళ్ళు ప్లేట్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఆడవాళ్ళు గరిటెలు పట్టుకుని బల్లల వెనక నిలబడ్డారు. కాట్‌బస్ అనే ఊరి నుంచి వచ్చిన చదువుకునే పిల్ల ఒకతి నా ప్లేటు నింపుతూ అంది: "మేం తర్వాత తింటాం అంకుల్. మాకింకా ఆకలి వేయట్లేదు."

"ఎవడు చెప్పాడే నీకు ఆకలి వేయట్లేదని!" అని అరిచాను. హాలంతా నా వైపు తిరిగింది. ఆ పిల్ల చేతిలో గరిటె లాక్కున్నాను.

అందరికీ నేనే వడ్డించానని రాద్దామనుకున్నాను. ఇద్దరికి వడ్డించేసరికి చెయ్యి లాగేసింది. మొదటి ప్లేటు ఆ పిల్లది. రెండోది మా అమ్మాయిది. అది ప్లేటు పట్టుకుని, నవ్వకుండా అడిగింది:

"ఇవాళ ఏ వారం నాన్నా?"

"ఆదివారం. కూర్చుని తిను."