ముంతలకి సున్నం పూసే అల్లుడు

ప్రతి మార్గశిరంలోనూ మా అత్తగారు నలుగురిలో నన్ను మెచ్చుకుంటారు. ముంతలకి సున్నం పూయడంలో మా అల్లుడి తరవాతే ఎవరైనా అంటారు. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు ఆ మెచ్చుకోలే. తిట్లయితే దులిపేసుకుని పోవచ్చు. ఇది దులిపితే పోదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీ దగ్గర నోరు విప్పుతున్నాను.

మాది ఒడిశాలోని బరంపురం, లంజిపల్లి పేట. పట్టుచీరల దుకాణంలో పనిచేసేవాణ్ణి. ఆ పని పోయింది. ఇంకొకటి దొరికేలోపు పెళ్ళయింది, పెళ్ళితోపాటు ఇల్లరికం వచ్చింది. అత్తవారిది ఆంధ్ర సరిహద్దు దగ్గర చిన్న పల్లె. వాళ్ళకి పొలం గట్ల మీద ఈత చెట్లున్నాయి. చలికాలం వస్తే చెట్లు గీసి, ముంతలు కట్టి, రాత్రంతా కారిన తియ్యటి నీరు తెల్లారి దింపి, పెద్ద పెనంలో కాచి పాకం చేస్తారు. ఆ పాకానికి అస్కా బజారు దాకా పేరుంది. చెట్లెక్కేది నా భార్య తమ్ముడు కూర్మారావు. పొయ్యి దగ్గర అత్తగారు. సీసాలకి పోసేది నా భార్య. నాకు చెట్టెక్కడం రాదు, పొగ పడదు. కాబట్టి సాయంత్రం పూట ముంతలు కడిగి లోపల సున్నం పూసే పని నాకిచ్చారు.

సున్నం లేకపోతే తెల్లారేసరికి ఆ నీరు పులిసి కల్లయిపోతుందని నాకెవరూ చెప్పలేదు. వాళ్ళకి అది చెప్పవలసిన సంగతే కాదు. నేను అడగనూ లేదు. గడపకి పసుపు రాసినట్టు ఇదీ ఒక ఆచారం అనుకున్నాను.

పెళ్ళయిన మరుసటి ఏడు, మార్గశిరంలో ఒక బుధవారం సున్నం నిండుకుంది. తెమ్మని పొద్దుటే చెప్పారు. టీ కొట్టు దగ్గర క్రికెట్ చూస్తూ మరిచిపోయాను. గుర్తొచ్చేసరికి సున్నం అమ్మేవాడు కొట్టు కట్టేశాడు. కూర్మారావేమో ముంతలేవని కేకేస్తున్నాడు. వంటింటి గడప దగ్గర ఒక గిన్నెలో తెల్లగా, జారుగా పిండి కనిపించింది. మర్నాడు లక్ష్మివారం. ఇరుగుపొరుగు ఒడియా వాళ్ళని చూసి మా అత్తగారు కూడా ఝోటి ముగ్గు వేస్తారు. నానిన బియ్యం రుబ్బి, ఆ పిండితో వీధి గుమ్మం నుంచి దేవుడి గది దాకా లక్ష్మి పాదాలు దిద్దుతారు. గిన్నెలో ఉన్నది ఆ పిండే. నాకు తెలుసు. సున్నమూ తెల్లనే, ఇదీ తెల్లనే కదా అనుకుని ముంతలన్నిటికీ పూసేశాను. ఎవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి వెనక్కి తిరిగాను. ఇది ఉత్త ఆచారమే అని నిజంగా నమ్మినవాడు వెనక్కి ఎందుకు తిరుగుతాడు?

తెల్లారి అత్తగారికి పిండి చాలలేదు. లక్ష్మి పాదాలు నడవా మధ్యలోనే ఆగిపోయాయి. బియ్యం తక్కువ నానబెట్టానని ఆవిడ తనని తాను తిట్టుకున్నారు. నేను ఆ గిన్నె తీసుకెళ్ళి కడిగి బోర్లించాను.

ఆ రోజు అత్తగారి అన్నయ్య వస్తున్నారు. మెడలో తులసిమాల, ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. ఆయన కూతురు కూర్మారావుకేనని ఆ పిల్ల పుట్టినప్పటి నుంచీ అనుకుంటున్న మాట. ఆ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణమని ఊరంతటికీ తెలుసు. ముహూర్తం మాట్లాడటానికే ఆయన వస్తున్నారు. బస్సు ఆలస్యమైంది. ఆయన కోసం తీసిపెట్టిన ముంత అంతసేపూ ఎండలో ఉంది. పూజ అయితేగాని పొయ్యి వెలిగించరు కాబట్టి మిగతా ముంతల్లో నురగని ఎవరూ చూడలేదు. పెద్దాయన పరగడుపునే వచ్చారు. అమ్మవారికి చూపించి ఇచ్చిన నీరు గడగడా తాగి, ఈ ఏడు మహా రుచిగా ఉందన్నారు. ఇంకో లోటా అడిగారు. కాబోయే మామ మెచ్చుకున్నాడని కూర్మారావు మురిసిపోతూ ఆ పైన మరొకటి పోశాడు.

కాసేపటికి పెద్దాయన పెరట్లో దూడని కౌగిలించుకుని, నీ పాలన్నీ నేనే తాగేశాను, క్షమించమని ఏడవడం మొదలుపెట్టారు. తరవాత భజన ఎత్తుకున్నారు. మాటలు మరిచిపోయి, దారిలో బస్సు ఆగిన ఊళ్ళ పేర్లన్నీ వరసగా అదే రాగంలో పాడారు. చూడటానికి ఊరు ఊరంతా వచ్చింది. నాకు నవ్వొచ్చింది. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా వస్తోంది, అదే నా ఖర్మ. మత్తు దిగాక ఆయన తులసిమాల కళ్ళకద్దుకుని, లక్ష్మివారం నాడు కల్లు పోసినవాడికి నా పిల్లనివ్వనని చెప్పి వెళ్ళిపోయారు.

కూర్మారావు చాటుగా కల్లు దింపుతున్నాడని అందరూ తేల్చేశారు. అత్తగారు నన్ను పిలిచి, ముంతలకి పూశావా అని అడిగారు. పూశానన్నాను. ఏం పూశానో ఎవరూ అడగలేదు.

సాయంత్రం కూర్మారావు నన్ను గడ్డివాము వెనక్కి తీసుకెళ్ళాడు.

"బావా, నువ్వు సదువుకున్నోడివి. నాను పులిసిన ముంతేదీ కట్టనేదు. అమ్మ నాతో మాటాడ్డం నేదు. ఏటి సెయ్యమంటావు?"

"ఒప్పేసుకో కూర్మం. తేలికైపోతావు."

"సెయ్యనిది ఒప్పుకుంటే తేలికైపోతానేటి బావా?"

"మీ అమ్మ మనసు కుదుటపడుతుంది."

ఒప్పుకున్నాడు. తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని, లేని తప్పుని మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. మధ్యలో ఆగిపోతే వివరాలు నేనే అందించాను.

ఆ పిల్లని బరంపురంలో ఎవరికో ఇచ్చేశారు. కూర్మారావుకీ తరవాత పెళ్ళయింది. ఆ అమ్మాయి మంచిది, పిల్లలున్నారు. సుఖంగానే ఉన్నాడు కదా అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. కానీ చుట్టాల పెళ్ళిళ్ళలో మేనమామ కూతురు కనిపిస్తే చాలు, అతను వడ్డన వంకతో వంటల వైపు వెళ్ళిపోతాడు. నేనూ అటే వెళ్ళిపోతాను, వేరే కారణానికి.

అప్పటి నుంచి లక్ష్మివారం నాడు అతను ముంత ముట్టుకోకూడదు. కూలికి ఇంకొకరిని పిలిచి చెట్లెక్కిస్తారు. దింపిన ప్రతి ముంతా నేను వాసన చూసి సరేనంటేనే పెనంలో పడుతుంది. ఇంత నమ్మకం నా మీద ఈ లోకంలో ఇంకెవరికీ లేదు. దాన్ని నేను ఏ సరుకిచ్చి కొనుక్కున్నానో మీకిప్పుడు తెలిసింది.

పోయిన మార్గశిరంలో ఇక ఉండబట్టలేక, పెనం చుట్టూ అందరూ ఉండగా చెప్పేశాను. సున్నం తేవడం మరవడం, గిన్నె, పిండి, నడవాలో ఆగిన పాదాలు, అన్నీ. అత్తగారు గరిటె ఆపి చెంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

"సూసినారా? మా కుర్రోడికి మాట రాకుండా ఆడి తప్పు తన నెత్తినేసుకుంటన్నాడు. ఇలాటి అల్లుడు ఎవులికి దొరుకుతాడు?"

కాదు, నిజమేనన్నాను. గట్టిగా అన్నకొద్దీ నేను ఇంకా గొప్పవాణ్ణయిపోయాను. నా భార్య పెళ్ళయినప్పటి నుంచీ ఎప్పుడూ చూడనంత ప్రేమగా నన్ను చూసింది. ఆ చూపు కోసమే ఆ తరవాత గొంతు కొంచెం తగ్గించానేమో, అది కూడా ఒప్పుకోవాలి.

తరవాత కూర్మారావుని ఒక్కణ్ణే పట్టుకుని, ఒట్టేసి మళ్ళీ చెప్పాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"ఒద్దు బావా. నానే సేసుంటాననుకుని ఆ పిల్లని ఒదులుకున్నాను. ఇప్పుడు సెయ్యనేదంటే ఆ ఏడుపు మల్లీ మొదట్నించి ఏడవాల."

అని, వంగి నా కాళ్ళకి దండం పెట్టి, నువ్వు మంచోడివి బావా అన్నాడు. నమ్మి అన్నాడో, నమ్మలేక అన్నాడో, నమ్మకూడదనుకుని అన్నాడో నాకు తెలియదు. అడిగే ధైర్యం లేదు.

రేపు లక్ష్మివారం. కడిగిన ముంతలు పెరట్లో ఆరుతున్నాయి. పక్కన గిన్నెలో ఉన్నది సున్నమే, వేలితో ముట్టి నాలుక మీద పెట్టి మరీ చూశాను, ఇంకా మండుతోంది. మా ఇంట్లో ఎవరూ నన్ను నమ్మరు. మీరైనా నమ్మండి. ఆ రోజు పూసింది బియ్యప్పిండి. పూసింది నేను. కూర్మారావు ఏ తప్పూ చేయలేదు.