ఫ్లోరిన్ పుణ్యమా అని పోయిన ఉద్యోగం

ఒక్క మాటతో చేతికందిన ఉద్యోగాన్ని ఎలా పోగొట్టుకోవాలో తెలుసుకోవాలనుందా? రండి, కూర్చోండి. ఆ విద్యలో నన్ను మించినవాళ్లు కోరాపుట్ జిల్లాలో లేరు.

దామంజోడిలో ఒక చిన్న ల్యాబ్‌లో కెమిస్టు పోస్టు పడింది. ఎమ్మెస్సీ చేసి రెండేళ్లుగా సునాబెడ క్వార్టర్లో గోళ్లు గిల్లుకుంటున్న నాకు అదే ఆఖరి ఆశ. అప్లికేషన్లో "ఒడియా అనర్గళంగా వచ్చు" అని రాసిపారేశాను. నిజానికి నాది సంతలో వంకాయలు బేరమాడే ఒడియా.

ఇంటర్వ్యూ చేసిన పెద్దాయన క్షారాల గురించి ఇంగ్లిషులో అడిగినవన్నీ టకటకా చెప్పేశాను. ఆయనకు ముచ్చటేసినట్టుంది, ఒడియాలోకి దిగారు. కాగితం మీద అమోనియా, దాని పక్కన నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్ ఫార్ములాలు రాసి, "కౌటా బేసి టాణ?" అన్నారు.

బేసి అంటే ఎక్కువ. టాణ అంటే, నాకు తెలిసి, లాగడం. కొట్ల తలుపుల మీద రాసుంటుంది కదా! ఏది ఎక్కువ లాగుతుంది? ఇదీ ఒక ప్రశ్నేనా? ఎలక్ట్రాన్లను లాక్కోవడంలో ఫ్లోరిన్ అంత ఆబ మరే మూలకానికీ లేదు.

"ఫ్లోరైడే సార్" అన్నాను.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ అడిగారు. నేను ఇంకాస్త గట్టిగా అదే చెప్పాను. బాగా ఆలోచించి చెప్పమన్నారు. నన్ను కాపాడదామనే, పాపం. నేను ఆలోచిస్తేగా!

బయట నాన్న కాచుకుని ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా ఒడియా వాళ్లతో కలిసి ఫ్యాక్టరీలో పనిచేస్తున్న మనిషి. జరిగింది గొప్పగా చెప్పాను.

"టాణ అంటే గట్టిదని కూడానే అమ్మి. ఏది బలమైందని అడిగేరు. లాగడమని నీకెవులు సెప్పేరు?"

అప్పుడు వెలిగింది నాకు. క్షారమంటే తన ఎలక్ట్రాన్ జంటను ఇవ్వాలి. మూడు ఫ్లోరిన్లు మూడు వైపులా పట్టి లాగుతుంటే నైట్రోజన్ ఇంకేమిస్తుంది? బలమైన క్షారం అమోనియాయే. ఈ ముక్క నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

"ఇప్పుడైనా ఎల్లి సెప్పు. మాట అర్థం కానేదని సెప్పు" అన్నాడు నాన్న.

వెళ్లలేదు. వెళితే ఒడియా రాదని ఒప్పుకోవాలి కదా. సిగ్గేసింది. ఆ సిగ్గును ఇప్పటికీ తిట్టుకుంటున్నాను.

వారం తర్వాత ఫోన్ చేస్తే, ల్యాబ్ గుమస్తా, ఆ పెద్దాయన నా గురించి రాసిన కాగితం తీసి చదివి వినిపించాడు. నాకు ఒడియా చాలా బాగా వచ్చట. కెమిస్ట్రీయే రాదట.

అందుకే ఒట్టేసి చెబుతున్నాను: ఇకమీదట ఏ పెద్దమనిషి ఏ భాషలో ఏమడిగినా, అర్థం కాకపోతే అర్థం కాలేదనే అంటాను. కానీ ఆ తర్వాత నన్ను ఇంటర్వ్యూకి పిలిచినవాళ్లే లేరు.