కనకాంబరం రంగు బంపరు

మావారు పాండురంగారావు గారు పరమపదించారు. తెనాలిలో మా ఇంట్లో, వంటింటి బల్ల దగ్గర, కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే ఆయన ప్రాణం అనాయాసంగా వెళ్లిపోయింది. ఎదురు కుర్చీలో కూర్చున్నది నేనే. అయినా అందరికన్నా ఆలస్యంగా తెలుసుకున్నదీ నేనే. "కాఫీ చల్లారిపోతోందండీ, తాగరేంటి? అడిగినదానికి ఉలుకూ లేదు, పలుకూ లేదు, మౌనవ్రతం పట్టారా?" అని గద్దిస్తూనే ఉన్నాను. తోడుకు మజ్జిగ అడగడానికి వచ్చిన పక్కింటి అనసూయమ్మ గుమ్మంలోంచే ఆయన్ను చూసి, "అయ్యో టీచరుగారూ, అన్నయ్యగారండీ!" అని కేక పెట్టింది. ఆ కేకతో నా నెత్తిన పిడుగు పడింది. గతించిన భర్తను కాఫీ తాగలేదని దెబ్బలాడుతూ కూర్చున్న ఇల్లాలు లోకంలో ఇంకొకతె ఉంటుందో లేదో నాకు తెలియదు. ఎందుకలా జరిగిందో చెప్పడానికే ఈ వ్యాసం. లావుపాటి స్కెచ్ పెన్నుతో, పేజీకి నాలుగు ముక్కలు పట్టేలా రాస్తున్నాను గనుక, అక్షరాల్లో వంకరలుంటే అచ్చువేసేవారు సర్దుకోవాలి.

జీవితమంతా నీటిపారుదల శాఖలో గుమాస్తాగా పనిచేసిన ఆయనకు విశ్రాంత ఉద్యోగులు సంతాప సభ పెట్టారు. వక్తలు ఆయన సౌజన్యాన్ని, నిరాడంబరతను, మితభాషిత్వాన్ని వేనోళ్ల కొనియాడారు. చివర్లో కార్యదర్శిగారు లేచి, "అన్నీ బాగానే ఉన్నాయి గానండీ, మన పాండురంగారావు గారి కారు సంగతి చెప్పుకోకపోతే ఎలా? తెల్లటి కారుకి కనకాంబరం రంగు బంపర్లండీ! ముందొకటి, వెనకొకటి! పూలకొట్టు కదిలొస్తోందా అనుకునేవాళ్లం" అన్నారు. సభంతా గొల్లున నవ్వింది. ఆయన మాటలో ద్వేషం లేదు, ఆప్యాయతే ఉంది. నేనూ నవ్వాను. మావారి పటానికి వేసిన దండ పక్కనే కూర్చుని, పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని అందరితోపాటు నవ్వాను. ఇంటికొచ్చాక ఆ నవ్వు తలుచుకుంటే నాకు అన్నం సహించలేదు. ఆ రంగు ఆయన పిచ్చి కాదు. అది నా కళ్ల కోసం వేసిన రంగు.

నన్ను ఎరగనివారికి చెబుతున్నాను. నా పేరు విశాలాక్షి. పేరు చూసి ఎవరూ నవ్వకండి. తెలుగు పంతులమ్మగా రిటైరయ్యాను. శుభలేఖలో ఒక్క ఒత్తు జారిపోతే పెళ్లిపందిట్లోనే ఆడపెళ్లివారిని నిలదీసే నోరు నాది. అలాంటి నాకు, ఉద్యోగం విడిచిన కొద్దికాలానికే, చూపు నడిమధ్య మసకబారడం మొదలైంది. ఎదుటి మనిషి చీర అంచు కనిపిస్తుంది, మొహం ఉండాల్సినచోట పొగ కనిపిస్తుంది. ఇది శుక్లం కాదనీ, ఆపరేషనుతో పోయేది కాదనీ గుంటూరు డాక్టరుగారు తేల్చేశారు. బస్టాండు దాకా నడిచొస్తూ మావారి చేత ఒట్టు వేయించుకున్నాను. ఈ సంగతి మా ఇద్దరి మధ్యే ఉండాలన్నాను.

"ఎందుకే అంత పట్టుదల?" అన్నారు.

"నా తప్పు పట్టే రోజు కోసం ఊరంతా కాచుకుని ఉందండీ. వాళ్ల జాలి నాకొద్దు" అన్నాను.

ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అప్పటి నుంచి ఎవరు ఎదురొచ్చినా, "ఓహో, సుబ్బారావుగారా! రండి రండి!", "ఏమ్మా అనసూయా, మార్కెట్టుకేనా?" అని వీధంతా వినబడేలా పలకరించేవారు. ముసలితనంలో ఈయనకు వాచాలత్వం వచ్చిందని అందరూ అనుకున్నారు. వచ్చిందెవరో నాకు తెలియాలని ఆ మితభాషి గొంతు చించుకునేవారు. శుభలేఖ వస్తే ముందే చదివి వినిపించి, తప్పెక్కడుందో చెప్పేవారు. పందిట్లో యథాప్రకారం నిలదీసి, ఆ పేరు నేను కొట్టేసేదాన్ని.

అలా సాగుతుండగా రేపల్లెలో దూరపు బంధువుల పెళ్లికి వెళ్లాం. ఉక్కకు తాళలేక, భోజనం కాగానే నేనొక్కదాన్నే కల్యాణ మండపం బయటకు వచ్చేశాను. బయట కార్లు బారులు తీరి ఉన్నాయి. ఈ రోజుల్లో ఎవరి కారు చూసినా తెలుపే గదా! మాదనుకున్నదాని వెనక తలుపు తీసి కూర్చున్నాను, చెప్పులు విడిచాను. సీటు మీద కొబ్బరిబొండాం ఉంటే, మావారు నా కోసం కొట్టించి పెట్టారనుకుని తాగేశాను. కాసేపటికి ఎవరో వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నారు.

"ఇంతసేపేంటండీ? భోజనానికెళ్లారా, వండటానికెళ్లారా? పోనివ్వండి!" అని ఒక్క కసురు కసిరాను.

పాపం ఆ పెద్దమనిషి బిత్తరపోయి, "ఎక్కడికి పోనివ్వమంటారండీ?" అన్నాడు.

అంతలో ఆయన భార్య వచ్చింది. "ఎవరమ్మా నువ్వు? మా కారెక్కి, మా బొండాం తాగి, మా ఆయన మీదే కేకలేస్తున్నావేంటి?" అంది. వాళ్లది పక్కనే ఉన్న నగరం అనే ఊరట. చుట్టూ జనం మూగారు. ఎవరో పకపకా నవ్వారు. దిగుదామంటే చెప్పులు కాళ్లకు దొరకలేదు. వంగి చేతులతో తడుముకుంటున్నాను.

మావారు పరుగున వచ్చారు. "తప్పు నాదండి. అదే మన కారని నేనే చూపించి పంపానండి. నా మతిమరుపు అలాంటిదండి" అని ఆ దంపతులకు చేతులు జోడించారు. వంగి, చెప్పులు తీసి నా పాదాల ముందు పెట్టారు. నలుగురిలో పెళ్లాం చెప్పులు ముట్టుకున్నాడని దానికీ కొందరు నవ్వారు. తెనాలి చేరేదాకా ఆయన ఒక్క మాటా అనలేదు. నేను మాత్రం, తెల్లకారు కొన్నందుకు దారిపొడుగునా ఆయన్నే సాధించాను.

మర్నాటి నుంచి మా వీధిలో విచిత్రమైన పరీక్ష మొదలైంది. ఆయన ఒక్కో రంగు గుడ్డ భుజాన వేసుకుని వీధి చివర నిలబడేవారు. కనబడుతోందో లేదో నేను అరుగు మీద నుంచి చెప్పాలి. పసుపు బాగానే కనబడింది, కానీ బడిబస్సులన్నీ ఆ రంగే. ఎరుపూ కనబడింది. "వద్దులే, ఎర్రబస్సెక్కి కూర్చుంటావు, నీతో వేగలేను" అన్నారు. చివరికి ఒక పొద్దున దేవుడికి కనకాంబరాల మాల కొనుక్కుని వస్తుంటే, మనిషి కన్నా ముందు ఆ మాల నా కంటికి అందింది.

"అదేంటండీ, మీ చేతిలో వెలుగుతోంది?" అన్నాను.

ఆయన మొహం అప్పుడెలా ఉందో నేను చూడలేదు. గొంతు మాత్రం పొంగిపోయింది. "ఈ రంగు కారు భూప్రపంచంలో ఎవడూ కొనడే టీచరమ్మా!" అన్నారు.

ఆ రంగు ఏ డబ్బాలోనూ దొరకదు, కలిపించుకోవాలి. పువ్వు పట్టుకుని రంగుల కొట్టుకు వెళితే, కలిపేలోపు అది కాస్తా వాడిపోయేది. "ఏ రంగు కలపమంటారండీ? పొద్దుటిదా, ఇప్పటిదా?" అని కొట్టతను వేళాకోళమాడేవాడు. ఈయన విసుక్కోకుండా, కొత్త పువ్వులు తడిగుడ్డలో చుట్టుకుని మళ్లీ వెళ్లేవారు. షెడ్డులో ఇచ్చి వేయించవచ్చు గదా అంటే, "ఈ రంగెందుకని అడుగుతారే. నాకు అబద్ధం సరిగ్గా చేతకాదు" అన్నారు.

అందుకని అంతా ఇంట్లోనే. బంపర్లు రెండూ ఊడదీసి వాకిట్లో దండేనికి వేలాడగట్టారు. ఉప్పు కాగితంతో గరగరా రుద్ది రంగు వేస్తే, మొదటిసారి నీళ్లతో కడగగానే ఉల్లిపొరలా ఊడొచ్చింది. ప్లాస్టిక్కుకు వేరే ప్రైమరు పూయాలని ఆయనకు అప్పుడు తెలిసింది. మళ్లీ మొదలు. ఉన్నదంతా గీకి, కుంకుడురసంతో జిడ్డు వదిలించి, మళ్లీ రుద్ది, ఆ ప్రైమరు పూశారు. దుమ్మూ దోమా వాలకుండా మా మంచం దోమతెర విప్పి బంపర్ల చుట్టూ కట్టారు. మా పప్పుచారుకు కూడా థిన్నరు వాసన పట్టింది. "పై రంగుదేముందే, ఎవడైనా వేస్తాడు. అది నిలిచేది కింద రుద్దిన రుద్దుడు మీద" అని నాకు పాఠం చెప్పేవారు.

ఇంత శ్రమనూ నేను క్షణంలో పాడుచేశాను. ఆ రోజు శుక్రవారం. శుభమా అని పని మొదలెడుతూ బొట్టయినా పెట్టరేంటీ మనిషి అనుకుని, ఆయన స్నానానికి వెళ్లినప్పుడు, వేలికి నూనె రాసుకుని, కుంకుమ అద్ది, వెనక బంపరు పొడుగునా వరసగా బొట్లు పెట్టాను. ఆయన వచ్చి కుంకుమ గుడ్డతో తుడిచేసి రంగు కొట్టారు. కింద నూనె ఉందని ఆయనకేం తెలుసు? బొట్టున్న ప్రతిచోటా రంగు పక్కకు జరిగిపోయి గుండ్రటి గుంటలు తేలాయి. "ఓసి నీ భక్తి తగలెయ్య!" అని దోమతెరలోంచి ఒక్క అరుపు అరిచారు. మా సంసారంలో నా మీద ఆయన గొంతెత్తింది ఆ ఒక్కసారే. తరవాత ఆయనకే నవ్వొచ్చింది. రంగు ఆరాక నా చెయ్యి పట్టుకుని ఆ గుంటల మీద వేళ్లు నడిపించారు. "ఇంక రుద్దనులే. మన కారు ముత్తైదువ. పువ్వులున్నాయి, బొట్టూ ఉంది. రేపు రంగు కూడా కనబడకపోతే తడిమి గుర్తుపట్టు" అన్నారు.

కారు రోడ్డెక్కిన రోజు నుంచి ఆయన నవ్వులపాలయ్యారు. సూర్యలంక సముద్రం దగ్గర కుర్రకారు దాని ముందు నిలబడి ఫొటోలు దిగింది. బాపట్లలో ఉండే మా తమ్ముడు శేషు, "బావగారూ, ఈ వయసులో ఈ షోకులేంటండీ? మా వీధి చివరే ఆపండి, మీకు పుణ్యముంటుంది" అని బతిమాలేవాడు. ఆయన అలాగే చివర ఆపి, నా చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చేవారు. ఇక నేనో! ఎవరైనా ఆ రంగేంటని అడిగితే, ఆయన పక్కనే ఉండగా, "ఆయన పిచ్చి ఆయనది, చెబితే వింటారా?" అనేదాన్ని. నా గుట్టు దాచుకోవడానికి నా భర్తను నేనే పిచ్చివాణ్ణి చేశాను. ఇంటికొచ్చి ఏమనుకోకండీ అంటే, "నలుగురూ నవ్వితే నాకేమన్నా అరిగిపోతుందిటే? నువ్వు సరైన కారెక్కావు, అది చాలు" అనేవారు. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

సంతాప సభ మర్నాడు శేషు తెల్లరంగు డబ్బాతో దిగాడు. "అక్కా, పెద్దకర్మకు కారంచేడు చుట్టాలంతా వస్తారు. పోయిన మనిషిని ఇంకా నవ్వులపాలు చేయడమెందుకు? బంపర్లు తెల్లగా చేసేస్తాను" అన్నాడు. వాడిది సదుద్దేశమే. కాదంటే కారణం చెప్పాలి. అసలు సంగతి దిగమింగుకుని సరేనన్నాను. వంటింట్లో కూర్చున్నాను. కాసేపటికి వాకిట్లోంచి ఉప్పు కాగితం గరగర వినబడింది. ఆయన రుద్దినన్నాళ్లూ విన్న చప్పుడే. ఇక కూర్చోలేకపోయాను. గోడ పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తాను.

"ఆపరా శేషూ!"

"ఏమైందక్కా?"

"నాకు కనబడదురా."

"ఏం కనబడదు?"

"నీ మొహం కనబడి ఏళ్లయింది. మీ బావ పోయినప్పుడు ఎదురుగానే ఉన్నాను, ఆయన మొహమూ కనబడలేదు. నాకు ఆ రంగొక్కటే కనబడుతుంది. అది నా కోసం వేశారురా. ఎవరికీ చెప్పనివ్వలేదు నేను."

గరగర ఆగింది. తరవాత, "వీధి చివర ఆపమన్నానక్కా. వానలో కూడా నడిపించానక్కా మిమ్మల్ని" అని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. నేను వాణ్ణి ఓదార్చలేదు. ఓదార్చే మొహం నాకెక్కడిది? నేను చేసింది వాడు చేసినదానికన్నా ఎంతో పెద్దది.

వాడు గీకింది ముందు బంపరు, అక్కడ అరచెయ్యంత మేర రంగు పోయింది. దాన్ని అలాగే వదిలేయమన్నాను. పెద్దకర్మ నాడు బంధువులందరి ముందూ ఈ సంగతి చెబుదామని లేచి నిలబడ్డాను గానీ, ఇన్నేళ్లు ఊరిని నిలదీసిన నోరు పెగల్లేదు. అందుకే ఈ రాత. కార్యదర్శిగారూ, ఆ సభలో నవ్విన పెద్దలారా, బొండాం పోగొట్టుకున్న దంపతులారా, పాండురంగారావు గారికి ఏ పిచ్చీ లేదు, మతిమరుపూ లేదు. భార్య అహంకారం దెబ్బతినకుండా తన పరువును అడ్డుపెట్టి, చివరిదాకా పెదవి విప్పని ఉదాత్తుడాయన. అంతటి మహనీయుణ్ణి నేను గుర్తించలేక కాదు, గుర్తించి కూడా నలుగురిలో చెప్పలేదు. ఆ లోటు పూడేది కాదు. ఇకమీదట ఆ కారు చూసి ఎవరికైనా నవ్వొస్తే, దయచేసి నన్ను చూసి నవ్వండి.

పెద్దకర్మ నాడు ఆనవాయితీ ప్రకారం నా తలలో పూలు తీసేశారు, నుదుట బొట్టు తుడిచేశారు. సాయంత్రం అందరూ వెళ్లాక వాకిట్లోకి వచ్చాను. పువ్వుల రంగు నా కంటికి ఎప్పటిలాగే అందింది. దగ్గరికి వెళ్లి వెనక బంపరు తడిమాను. బొట్లు వరసగా వేళ్లకు తగిలాయి, ఒక్కటీ చెరగలేదు.

"ఏమండీ, సరైన కారు దగ్గరికే వచ్చాను" అని ఆయనతో చెప్పి, అక్కడే నిలబడి దణ్ణం పెట్టుకున్నాను.