మూత పెట్టిన నీళ్లు

మా ఇంట్లో మూత ఉన్న నీళ్లు తాగడానికి, మూత లేనివి చేతులు కడుక్కోవడానికి. ఇది ఎవరూ చెప్పి నేర్పింది కాదు. తాండూరు రోడ్డు మీద బండల లారీ ఒక్కటి పోతే చాలు, మా వాకిలంతా తెల్లటి దుమ్ము. నీళ్లు కనపడితే మూత పెట్టడం నా చేతికే అలవాటైపోయింది.

మా బావి నీళ్లలో కందిచేనుకు కొట్టే పురుగుల మందు కలిసిందని నెల కిందటే తెలిసింది. వికారాబాద్ నుంచి కాలేజీ మేడం ఒకరు వచ్చి, పరీక్ష చేసి చెప్పారు. అప్పటి నుంచి క్యాన్ నీళ్లే తాగుతున్నాం. ఆ మేడమే మళ్లీ వచ్చి, వెడల్పాటి గాజు తొట్టి అడుగున ఏదో బంకమట్టి బిళ్లలు పరిచి, మా బావి నీళ్లు పోసి వాకిట్లో పెట్టారు.

"ఎండ తగిలితేనే ఈ మట్టి పనిచేస్తది, మందును ఖతం చేస్తది. నేను చూసి చెప్పేదాక ఎవ్వరు తాగొద్దు."

మా అత్తమ్మ ఊరుకుంటుందా! "నీళ్లల్ల మట్టి వడితే మేం పారవోస్తం మేడం. మీరేమో మట్టేసి మంచిగ చేస్తమంటరు!"

మేడం నవ్వారు. నేనైతే పడీపడీ నవ్వాను.

మర్నాడు పొద్దున వాకిలి ఊడుస్తుంటే లారీ పోయింది. పెద్ద స్టీలు పళ్లెం తెచ్చి తొట్టి మీద బోర్లించి, ఊడ్చుకుంటూ పోయాను. ఎండ సంగతి గుర్తుకే రాలేదు.

మధ్యాహ్నం నా అయిదేళ్ల బిడ్డ మూతి తుడుచుకుంటూ వచ్చింది. చేతిలో గ్లాసు.

"ఏడి నీళ్లే గవి?"

"గా తొట్టిలయి."

"తాగొద్దన్న గదనే!"

"మూత వెట్టి ఉన్నయ్ గదమ్మా. తాగే నీళ్లే అనుకున్న."

ఎన్ని గ్లాసులు తాగావంటే ఒకసారి ఒక వేలు చూపించింది, ఇంకోసారి మూడు. అత్తమ్మా నేనూ దాన్ని ఆటోలో వేసుకుని తాండూరు ఆసుపత్రికి పరుగెత్తాం. దారిలో అది ఆవలిస్తే చాలు, చెంపలు తట్టి లేపాను.

డాక్టరమ్మ పొట్ట నొక్కి, కళ్లలో టార్చి వేసి, "సాయంత్రం దాక ఈడనే ఉండనియ్యిండ్రి, చూద్దాం," అన్నారు.

బయటికొచ్చి మేడంకు ఫోన్ చేశాను. మూత పెట్టింది నేనేనని చెప్పాను.

"ఎండ తగలకుంటే ఆ మట్టి ఏం చెయ్యదు చెల్లె. అయి ఉత్త మీ బావి నీళ్లే. ఫికర్ చెయ్యకు, మొన్నటిదాక మీరంత తాగింది గవే గదా."

ధైర్యం చెబుదామనే అన్నారు, పాపం. కానీ నేను అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. బిడ్డ నా కడుపులో ఉన్నప్పుడు నేను తాగింది ఆ నీళ్లే. దానికి మొదటిసారి అన్నం మెత్తగా వండిపెట్టింది ఆ నీళ్లతోనే. ఒక్క గ్లాసుకు ఇంత ఉరికొచ్చాను, మరి ఆ అన్నేళ్ల నీళ్లకు ఏ డాక్టరు దగ్గరికి పోవాలి?

పొద్దుగూకే వేళకు డాక్టరమ్మ మళ్లీ చూసి, "ఏం గాలే, ఇంటికి తోల్కపోండి," అన్నారు. బిడ్డ లేచి కూర్చుంది.

"అమ్మా, దూపైతంది."

వార్డు మూలన నీళ్ల డ్రమ్ము ఉంది, శుభ్రంగా మూత పెట్టి. అత్తమ్మ గ్లాసు అందుకుని లేచింది. నేను గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఆగు అత్తమ్మా. గవి ఏడి నీళ్లో అడగనియ్యి."