కుర్చీ చప్పుడు

ఆట జరుగుతున్నంతసేపూ ఆటగాళ్ళెవరూ కుర్చీలోంచి పైకి లేవకూడదన్న నిబంధనను మైకులో వివరిస్తూ ఉండగా దొరస్వామి కుర్చీలోంచి కింద పడ్డాడు.

తప్పు ఆయనది కాదు. తిరువొత్తియూరు కార్మిక సంఘం హాల్లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీల్లో సగానికి పైగా అలాంటివే. వెనక కాలు ఒకటి మెల్లగా పక్కకి వాలింది, దాని వెంట దొరస్వామీ వాలాడు. మైకు మాత్రం వదల్లేదు. "కాబట్టి పిరుదులు కుర్చీకి ఆనుకొనే ఉండాల" అన్న చివరి ముక్క నేల మీంచి, కానీ స్పష్టంగా, నూటయాభై మందికీ వినబడింది.

పెద్దవాళ్ళు పడితే నవ్వకూడదని అందరికీ తెలుసు. అందరూ ఆపుకున్నారు. కేరమ్ సంఘం కార్యదర్శి అరుముగమైతే పౌడర్ డబ్బా మూత తీసి అందులోకి దీక్షగా చూడసాగాడు. ఆపుకోలేకపోయింది ఒక్కరే. రెండో వరసలోంచి చిన్న నవ్వు, గ్లాసులో చెంచా పడినట్టు. అది హైందవి అనే పిల్ల నవ్వు. దొరస్వామి చూశాడు. చూడనట్టే లేచి, తెల్ల ప్యాంటు దులుపుకుని, ఇంకో కుర్చీ తెప్పించుకున్నాడు.

దొరస్వామి వాళ్ళు ఐదు తరాలుగా అక్కడివాళ్ళే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఫ్యాక్టరీలో ఏది ముందు నోటికొస్తే అది. ఫిట్టరుగా రిటైరై నాలుగేళ్ళయింది. అంపైరుగా మాత్రం రిటైర్ కాలేదు. ఆ చుట్టుపక్కల వీధికో కేరమ్ బోర్డు, దాని చుట్టూ పది మంది, వాళ్ళ మధ్య ఇరవై తగాదాలు ఉంటాయి. ఏ తగాదా అయినా "దొరస్వామన్న చెప్తే సరి" అనడంతో ముగిసేది. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, జేబులో రెండు పెన్నులు. ఒకటి రాయకపోతే రెండోది. అంత నికార్సైన మనిషి.

ఆయనకో కథ ఉంది. ప్రతి టోర్నమెంటు మొదట్లోనూ అరుముగం మైకు ఇచ్చి, "అన్నా, ఆ నలభై నిమిషాల కత ఒకసారి" అని అడుగుతాడు. ఆయన వద్దు వద్దంటూనే చెబుతాడు. తొంభై ఒకటిలో ఫ్యాక్టరీల మధ్య ఫైనల్. అంపైరు వెంకటసుబ్బారావు అనే బడిపంతులు. ఆఖరి కాయిన్ వేసి గెలిచిన క్షణాన ఆ పంతులు, "బాబూ, నువ్వు కుర్చీలోంచి లేచావు, ఫౌల్" అన్నాడు. దొరస్వామి ఒప్పుకోలేదు. నలభై నిమిషాలు వాదించాడు. ఫ్యాక్టరీ మొత్తం వచ్చి ఆయన వెనక నిలబడింది. ఆఖరికి పంతులే దిగివచ్చాడు. కప్పుతో పాటు, టెంపరరీగా ఉన్న ఉద్యోగం పర్మనెంటయింది. "అన్యాయం జరిగితే నోరు మూసుకొని కూచునేవాడు ఆటగాడు కాడు" అని కథ ముగిస్తాడు. చప్పట్లు మోగుతాయి.

ఆ రోజు, పడి లేచిన తరవాత, ఆ కథ ఎప్పటికంటే గట్టిగా చెప్పాడు.

పొద్దున మగవాళ్ళ సెమీఫైనల్. ఆనందన్ ఆడుతున్నాడంటే హాలు కిటికీలకి కూడా మనుషులు వేలాడతారు. మూడుసార్లు ఛాంపియన్. దూరంగా ఉన్న కాయిన్ కొట్టాలంటే అతను ముందుకి వంగి, కుర్చీకి తనకి మధ్య ఒక జానెడు గాలి చొరబడేట్టు లేస్తాడు. అది అతని స్టైలని అందరూ అంటారు. ఎదుటివాడు పాపం కొత్తవాడు, "లేచినాడు సార్" అన్నాడు. వెంటనే ఆనందన్ బోర్డు మీద గుద్దాడు. కాయిన్లు గెంతాయి. "ఎవడ్రా లేచింది? తలైవరే, మీరు చూసినారా?" అని దొరస్వామి మీదికే వచ్చాడు.

తలైవరే అంటే నాయకుడా అని. ఆ పిలుపు వింటే దొరస్వామి చొక్కా కాస్త బిగుతవుతుంది. లేచి వెళ్ళి ఆనందన్ భుజం మీద చెయ్యేశాడు.

"ఉండప్పా, ఉండు. ఆట వేడి. నాకు తెలీదా. నీళ్ళు తాగు" అని తన సీసా ఇచ్చాడు. గెంతిన కాయిన్లని తనే సర్దిపెట్టాడు. ఆనందన్ గెలిచాడు.

మధ్యాహ్నం జూనియర్ ఆడపిల్లల ఫైనల్. హైందవి వాళ్ళ నాన్న ఎన్నూరు వైపు రేవులో ఇంజనీరు. కాకినాడ నుంచి వచ్చి ఆరేళ్ళు. పిల్లకి జూన్‌లో పద్దెనిమిది నిండుతాయి, నిండితే జూనియర్ లెక్కలోంచి పోతుంది. ఈ ఫైనల్ గెలిచిన అమ్మాయి జిల్లా తరఫున రాష్ట్ర పోటీలకి వెళ్తుంది. మూడేళ్ళుగా ఆ పిల్ల ఆ ఒక్క చోటు కోసమే ఆడుతోంది. ఈ సంగతి హాల్లో అందరికీ తెలుసు, దొరస్వామికీ తెలుసు.

ఎదురుగా శ్రీప్రియ. ఆఖరి బోర్డు. హైందవికి ఒకే ఒక్క తెల్ల కాయిన్ మిగిలింది. అదీ పాకెట్ అంచున, ఊదితే పడేట్టుంది. గురి చూసి, ఊపిరి బిగబట్టి కొట్టింది. కాయిన్ పడింది. అదే క్షణాన కుర్చీ కిర్రుమంది.

"ఫౌల్" అన్నాడు దొరస్వామి. ఆయన చెయ్యి అప్పటికే పైకి లేచి ఉంది.

"ఎందుకండీ?"

"లేచినావు."

"లేవలేదు సార్. కుర్చీ చప్పుడు చేసిందంతే."

"అంపైరు చెప్పినాక ఎదురు మాట్లాడకూడదు పాపా. ఆట నేర్చుకున్నావు గానీ మర్యాద నేర్చుకోలా."

హైందవి గొంతు పెంచలేదు. "పొద్దున మీరే చెప్పారు కదండీ, నోరు మూసుకుని కూర్చునేవాడు ఆటగాడు కాదని."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ రోజుకి అది రెండో నవ్వు. దొరస్వామి చెవులు వేడెక్కాయి.

"వార్నింగ్. ఇంకొక్క మాట వచ్చిందంటే బోర్డే పోతాది."

పిల్ల నోరు మూసుకుంది. పడిన కాయినూ, పెనాల్టీగా ఇంకోటీ బయటికి తీసి మధ్యలో పెట్టారు. శ్రీప్రియ వరసగా నాలుగు వేసి ఆట ముగించింది. హైందవి లేచి శ్రీప్రియకి చెయ్యిచ్చింది, స్కోరు కాగితం మీద సంతకం పెట్టింది, ఆనవాయితీ ప్రకారం అంపైరుకీ చెయ్యిచ్చింది. "థాంక్యూ సార్" అంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. దొరస్వామి అరచేతిలో తెల్లగా పౌడర్ అంటుకుంది.

సాయంత్రం ఐదింటికి హాలు ఖాళీ అయింది. రిపోర్టు రాయాలని దొరస్వామి దగ్గర్లో ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

కుర్చీ కిర్రుమంది.

కాసేపు కదలకుండా ఉన్నాడు. తరవాత గట్టిగా ఊపిరి పీల్చాడు. కిర్రుమంది. ఊపిరి వదిలాడు. మళ్ళీ కిర్రుమంది. ఎడమవైపు బోర్డు కింద పగిలిన నేల, కుర్చీ వెనక ఎవరో నలుపు రంగుతో వేసిన పదకొండో నంబరు. రెండూ మధ్యాహ్నం చూసినవే. అది హైందవి కూర్చున్న కుర్చీయే. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, ఆ వయసులో, ఆయన ఆ కుర్చీలో ఐదారుసార్లు ఊపిరి పీల్చి వదిలాడు. ఆయన లేవకుండానే ప్రతిసారీ అది కిర్రుమంది.

ఇంటికెళ్ళేసరికి నడుం పట్టేసింది. భార్య చెంగమ్మ బోర్లా పడుకోబెట్టి నూనె రాసింది. ఆమె కూడా పొద్దుటి నుంచీ హాల్లోనే ఉంది.

"ఏమయ్యా, ఆ ఆనందన్ బోర్డు మీద గుద్దినాడే, వాడికేమిచ్చినావు?"

"ఏమియ్యాల? ఆట వేడిలో..."

"నీళ్ళిచ్చినావు. ఆ పాప ఎందుకండీ అని అడిగింది. దానికేమిచ్చినావు?"

దొరస్వామి దిండులోకి ఏదో గొణిగాడు.

"ఏంది?"

"నవ్వింది" అన్నాడు. "పొద్దున నేను పడితే నవ్వింది."

చెంగమ్మ చెయ్యి ఆగింది. "నేనూ నవ్వినా" అంది. "కొంగు అడ్డం పెట్టుకున్నా, అంతే తేడా."

అంతటితో అయిపోతే బాగుండేది. కానీ సిగ్గు ఒకటి వస్తే ఒకటితో ఊరుకోదు, వెనకటివాటిని కూడా పిలుచుకొస్తుంది. బోర్లా పడుకుని ఉన్న దొరస్వామికి వెంకటసుబ్బారావు పంతులు గుర్తొచ్చాడు. చెంగమ్మకి కూడా ఎప్పుడూ చెప్పని సంగతొకటి ఉంది. తొంభై ఒకటిలో ఆయన నిజంగానే లేచాడు. లేచానని లేచినప్పుడే తెలుసు. ఉద్యోగం గుర్తొచ్చి, లేవలేదన్నాడు. ఒకసారి అన్నాక నలభై నిమిషాలూ అదే అన్నాడు, ఫ్యాక్టరీ జనం పంతులు చుట్టూ మూగేదాకా అన్నాడు. పంతులు దిగివచ్చాడని కథలో చెబుతాడే, అది పంతులు పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకోవడం. చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఏ బోర్డు దగ్గరా కూర్చోలేదు.

మర్నాడు దొరస్వామి అరుముగం దగ్గరికి వెళ్ళాడు. తను చూసి కాక చప్పుడు విని ఫౌల్ ఇచ్చానని, ఫైనల్ మళ్ళీ ఆడించాలని రాసిచ్చాడు. అరుముగం చదివి ఆయన కేసి జాలిగా చూశాడు.

"అన్నా, పేర్లు పంపించేసినాం. సంతకాలు కూడా అయినాయి. ఇప్పుడు మారిస్తే రేపు ప్రతివాడూ వచ్చి నిలబడతాడు. మీకెందుకు ఈ తలనొప్పి?" అని ఆ కాగితాన్ని మడిచి పౌడర్ డబ్బా కింద పెట్టాడు. డబ్బా అంతకుముందు కాస్త ఊగేది. ఇప్పుడు నిలబడింది.

ఆదివారం దొరస్వామి, చెంగమ్మ ఎన్నూరు బస్సెక్కారు. ఒళ్ళో డజను అరటిపళ్ళు. లారీల మధ్య బస్సు ఆగినప్పుడల్లా దొరస్వామి పెదాలు కదిపేవాడు. చెప్పాల్సిన మాటలు వల్లెవేస్తున్నాడు.

తలుపు హైందవే తీసింది. లోపలికి రమ్మని, కుర్చీలు వేసింది. దొరస్వామి కూర్చునే ముందు కుర్చీని ఒకసారి ఊపి చూశాడు. పిల్ల ఈసారి నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని ఆయనకి అనిపించింది.

వల్లెవేసిన మాటల్లో ఒక్కటీ రాలేదు. "పాపా, నువ్వు లేవలేదు" అన్నాడు. "కుర్చీదే చప్పుడు. నేను చూడలేదు. చూసినట్టు చెయ్యెత్తినా."

"తెలుసండి" అంది.

"రాసిచ్చినా. వాళ్ళు మార్చేది లేదంటున్నారు."

"అదీ తెలుసండి. నాన్నగారు సంఘానికి ఫోన్ చేసి కనుక్కున్నారు."

"నన్ను మన్నించు" అన్నాడు దొరస్వామి. అరవై రెండేళ్ళలో ఆ మాట ఆయన నోటి నుంచి ఎన్నిసార్లు వచ్చిందో చెంగమ్మ వేళ్ళ మీద చెప్పగలదు, వేళ్ళు మిగులుతాయి.

హైందవి అరటిపళ్ళు అందుకుని బల్ల మీద పెట్టింది. "నాకు సారీ వద్దు సార్. నా ఆట ఎలాగూ పోయింది. ఆనందన్ గారు లేచినప్పుడు కూడా ఫౌల్ ఇవ్వండి. అది చాలు."

తిరుగు బస్సులో దొరస్వామి పెదాలు కదల్లేదు.

ఏప్రిల్‌లో రాష్ట్ర పోటీలు జరిగాయి. శ్రీప్రియ వెళ్ళివచ్చింది. ఆ పిల్ల తప్పేం లేదు, బాగానే ఆడింది. ఆ వార్త పేపర్లో మూలన చిన్నగా వస్తే దొరస్వామి రెండుసార్లు చదివి, పేపరు మడిచి, చెంగమ్మకి కనబడనిచోట పెట్టాడు.

మే డే టోర్నమెంటు. అదే హాలు. అరుముగం మైకు ఇచ్చి, "అన్నా, ఆ నలభై నిమిషాల కత" అన్నాడు. దొరస్వామి ఈసారి నిలబడే చెప్పాడు. అంతా చెప్పి, ఆఖర్న, "ఆ రోజు నేను లేచినా. ఆ పంతులు చెప్పిందే నిజం. నేను అబద్ధం చెప్పి గెలిచినా" అన్నాడు.

వెనక ఎవరో నవ్వారు. దొరస్వామన్న తమాషాకి అంటున్నాడని అందరూ నవ్వి, ఎప్పటికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. ఓడిన పంతుల్ని కూడా గెలిపించేంత పెద్ద మనసు ఎవరికుంటుందని అరుముగం మైకులో పొగిడాడు. చప్పట్లు కొట్టనివాళ్ళు ఇద్దరే: చెంగమ్మ, రెండో వరసలో హైందవి. మనిషి తన తప్పు ఒప్పుకుంటే కూడా దండ పడుతుందని తెలిశాక దొరస్వామికి ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. వెళ్ళి బోర్డు దగ్గర కూర్చున్నాడు.

సాయంత్రం ఫైనల్ ఆనందన్‌ది. కిటికీలకి మనుషులు వేలాడుతున్నారు. ఆఖరి బోర్డు. ఎదుటి మూలన ఒక నల్ల కాయిన్, అది పడితే కప్పు అతనిది. ఆనందన్ వంగాడు. వంగుతూ వంగుతూ లేచాడు. దొరస్వామి ఈసారి చెవులతో వినలేదు. తల వంచి, కళ్ళతో చూశాడు. కుర్చీకి మనిషికి మధ్య కిటికీ వెలుగు కనబడింది.

కాయిన్ పడింది. హాలు లేచి నిలబడి అరిచింది.

"ఫౌల్" అన్నాడు దొరస్వామి. అరుపుల్లో అది ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అన్నాడు. "ఫౌల్."

అరుపు ఆగిపోయింది. ఆనందన్ బోర్డు మీద గుద్దలేదు. అంత ఆశ్చర్యపోయాడు పాపం.

"ఏంది తలైవరే ఇది? పదైదేళ్ళుగా ఇట్నే ఆడతా ఉండా, మీరే గదా అంపైరు. ఒక్కసారన్నా ఫౌలని అన్నారా?"

దొరస్వామి రెండో వరస వైపు చూడలేదు.

"అది నా ఫౌల్ ఆనందా, ఇది నీది, కాయిన్ బయట పెట్టు."