నడిచే బిడ్డకు నిబంధన లేదు

1962 ఫిబ్రవరిలో జరిగిన సాధారణ ఎన్నికలకు నన్ను ప్రిసైడింగ్ ఆఫీసరుగా వేశారు. అప్పటికి నేను మార్కాపురం తాలూకా ఆఫీసులో అప్పర్ డివిజన్ గుమాస్తాను. మార్కాపురం, కంభం, గిద్దలూరు ఆ రోజుల్లో కర్నూలు జిల్లాలోవి. ప్రకాశం జిల్లా ఇంకా పుట్టలేదు. నాకు పడిన పోలింగ్ స్టేషను గిద్దలూరు అవతల, నల్లమల కింద ఒక పల్లెలోని ఎలిమెంటరీ స్కూలు. ఊరి పేరు రాయను. ఆనాటి ఏజెంట్ల మనవళ్ళు అక్కడే ఉన్నారు, పైగా చదువుకున్నవాళ్ళు.

ఈ సంగతి నేను ముప్పై ఏళ్ళు ఒకే తీరుగా చెబుతూ వచ్చాను. నలభై మంది పసిపిల్లలను పొద్దంతా ఒక్క ఏడుపు వినిపించకుండా ఆడించాననీ, ఆ ఆటలన్నీ అప్పటికప్పుడు నా బుర్రలో పుట్టినవేననీ, దారిన పోతున్న కలెక్టరు జీపు ఆపి దిగి చూశారనీ చెప్పేవాణ్ణి. జీపు రావడం నిజమే. అది ఆగలేదు. పిల్లలు పదకొండు మంది. మిగతాది కూడా సరిచేద్దామనే ఈ రాత.

ముందు పని తీరు చెప్పాలి. ప్రిసైడింగ్ ఆఫీసరు కింద ముగ్గురు పోలింగ్ ఆఫీసర్లు ఉంటారు. ఒకరు జాబితాలో పేరు చూసి బిగ్గరగా చదువుతారు. రెండోవారు ఓటరు ఎడమచేతి చూపుడువేలు పరీక్షించి, దానికి చెరగని సిరా పెడతారు. మూడోవారు బాలెట్ కాగితం, రబ్బరు ముద్ర ఇచ్చి తెరచాటుకు పంపుతారు. అభ్యర్థుల తరఫు ఏజెంట్లు బెంచీ మీద కూర్చుని అన్నీ కనిపెడుతుంటారు. వేలి మీద అప్పటికే గుర్తు ఉంటే బాలెట్ ఇవ్వకూడదు. దీనికి మినహాయింపు లేదు.

తెరచాటుకు ఓటరు ఒంటరిగా పోవాలి. చంకబిడ్డను మాత్రం తల్లి వెంట తీసుకుపోవచ్చు. నడిచే బిడ్డ సంగతి నిబంధనల్లో ఎక్కడా లేదు. రెండేళ్ళు దాటి అయిదేళ్ళ లోపువాళ్ళు చంకలో ఉండరు, నిలబెట్టిన చోటా ఉండరు. వీళ్ళనేం చెయ్యాలో శిక్షణలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఎనిమిదికి పోలింగ్ మొదలైంది. తొమ్మిది లోపల ఒక పిల్లవాడు తెర ఎత్తి, తన తల్లి ఏ బొమ్మ మీద ముద్ర వేసిందో వరండాలో ఉన్న అందరికీ వినబడేలా చెప్పాడు. ఓటు రహస్యం అక్కడికి ముగిసింది. ఇంకో పిల్ల రబ్బరు ముద్ర తీసుకుని వేపచెట్టు దాకా పరిగెత్తింది. నడిచే పిల్లలందరినీ బయట ఉంచమని ఉత్తరువిచ్చాను. బయట ఉంచగానే ఏడుపు లేచింది. ఏడుపు వినగానే వరసలో ఉన్న ఆడవాళ్ళు ఒక్కరొక్కరే తప్పుకోవడం మొదలుపెట్టారు.

"పిల్లోడు గుక్క పట్టినాడు సారూ. ఈ ఓటూ వద్దు, పాడూ వద్దు" అంటూ ఒకామె వెళ్ళిపోయింది.

నీళ్ళ కడవలు మోయడానికి గ్రామ మునసబు పెట్టిన ముసలావిడ ఒకతె ఉంది. పేరు ఈరమ్మ. ఊరంతటికీ అవ్వ. ఆమె కడవ దించి నా ముఖం చూసి, "సారూ, వాళ్ళను నాకాడికి తోలు. నువ్వు పొయ్యి నీ కాయితాలు చూసుకో" అంది.

పథకం నాదని చెప్పుకున్నాను గదా. నా పథకం ఇంతే. అవ్వ చెప్పింది, నేను తోలాను.

స్కూలు వెనక వరండా నీడలో ఆమె కొట్టు పెట్టింది. కొన్న వస్తువు ఒక్కటీ లేదు. మూతి సన్నటి చెంబు ఒకటి, చింతపిక్కలు దోసెడు. ఒక్కో పిక్క చెంబులో వెయ్యాలి, నిండాక వొంపాలి, మళ్ళీ వెయ్యాలి. ఏది దొరికినా నోట్లో పెట్టుకునే చిన్నవాళ్ళకు పిక్కలు ఇవ్వలేదు. నోట పట్టని గుండ్రాళ్ళు, ఒక పాత గంప ఇచ్చింది. మా మార్కాపురం పలకలు పగిలినవి స్కూల్లో ఒక మూల గుట్టగా ఉంటే, వాటి అంచులు బండకు నూరి, నమిలిన వేపపుల్ల ఒకటి, కొబ్బరిచిప్పలో నీళ్ళు ఇచ్చి రాయమంది. నీళ్ళ రాత ఎండకు ఆరిపోతుంది, పలక మళ్ళీ ఖాళీ. ఒకడు ఆ ఒక్క పలక మీదే గంటసేపు ఏనుగులు వేశాడు. పాతగుడ్డకు ఏడు ముడులు వేసి విప్పమని ఒక పిల్లకు ఇచ్చింది. విప్పడం అయిపోతే ఇంకొక పిల్ల ముడులు వేసేది. జొన్న బెండును ఈనెలతో గుచ్చి ఎద్దులు చేసింది, రెండింటికి మాత్రమే కొమ్ములు పెట్టింది. మిగతావాటికి కొమ్ములు పెట్టుకోవడం పిల్లల పని.

మధ్యలో ఒకసారి నీళ్ళు తాగడానికి పోయి, ఇంత తెలివి ఎక్కడిదని అడిగాను. "తెలివేంది నాయనా! గొర్రెల కాడ పిల్లోణ్ణి కూచోబెట్టాలంటే ఇంగేం జేస్తాం? అయిపోయే ఆట ఇయ్యగూడదు. అయిపోతే లేచి మన కాళ్ళకు అడ్డం పడ్తారు" అంది.

పది దాటేసరికి వరస తిరిగి పెరిగింది. ఆడవాళ్ళ ఓట్లు బాగా పడ్డాయి.

ఒంటిగంటకు నేను బాగా అలిసిపోయి ఉన్నాను. తెల్లవారుజామున లేచి పెట్టెలకు సీళ్ళు వేశాను. కూర్చున్న కుర్చీకి ఒక కాలు పొట్టి. రెండు బాలెట్లు, ఒకటి అసెంబ్లీకి, ఒకటి పార్లమెంటుకు. ప్రతి మనిషికీ అదే మాట రెండుసార్లు చెప్పాలి. సరిగ్గా అప్పుడే పిల్లలు కొత్త పేచీ ఎత్తుకున్నారు. తల్లుల వేళ్ళ మీద సిరా చూశారు. తమకూ పెట్టాలట. అవ్వ బొగ్గు నూరి పెట్టింది. అది సిరా కాదు, బొగ్గేనని నాలుగేళ్ళవాళ్ళు కూడా కనిపెట్టేశారు.

నాకు ఒక్క గంట నిశ్శబ్దం కావలసి వచ్చింది. జేబులో కాపీయింగ్ పెన్సిలు ఉంది. ఆ రోజుల్లో ప్రతి ఆఫీసులో ఉండేది. పొడిగా రాస్తే మామూలు పెన్సిలే, తడి తగిలితే ఊదారంగుకు తిరిగి గుడ్డనూ చేతినీ పట్టుకుంటుంది. దాని ములుకును బ్లేడుతో గీకి, చిప్పలోని నీళ్ళలో కలిపాను. అచ్చం మా సీసాలోని సిరా లాగే వచ్చింది. వేపపుల్ల ముంచి పెద్దపిల్ల చేతికిచ్చి, నువ్వు పోలింగ్ ఆఫీసరువు అన్నాను.

సిరా పెట్టే పోలింగ్ ఆఫీసరు పక్క ఊరి టీచరమ్మ. ఆమె కిటికీలోంచి చూసి, "సార్, అది మన సిరా మాదిరే ఉంది గదా" అంది.

"పిల్లలకు ఓటుందా ఏందమ్మా?" అన్నాను. తెలివైన జవాబు చెప్పానని కూడా అనుకున్నాను.

అవ్వకూ నచ్చలేదు. ఎవరూ వేలు నోట్లో పెట్టుకోకుండా వెంటపడి చూసుకుంది. కానీ పిల్లలు వరసగా నిలబడి, ఒకరి వేలు ఒకరు పట్టుకుని, మళ్ళీ వరస చివరికి పోతూ, ఎవరూ చెప్పకుండానే పోలింగ్ నడిపించారు. నాకు గంట దొరికింది.

నాగమ్మ వచ్చింది ఆ గంటలోనే. గొర్రెల మంద కొండవార దిగి ఉంటే, అక్కడి నుంచి నాలుగు మైళ్ళు మూడేళ్ళ కొడుకుతో నడిచి వచ్చింది. జాబితా దగ్గర భర్త పేరు అడిగితే, "ఆయప్ప పేరు నేను చెప్పను సారూ. నా పేరు చెప్తా, రాసుకోండి. నాగమ్మ" అంది. పోయినసారి జాబితా రాయడానికి వచ్చినవాళ్ళకు పేరు చెప్పడానికి సిగ్గుపడిందట. వాళ్ళు ఫలానావాడి పెండ్లాము అని రాసుకుని పోయారు. పేరు లేని పద్దు కొట్టివేశారు. అట్లాంటి ఆడవాళ్ళు మా తాలూకాలో చాలామందే ఉండేవారు. ఈసారి కరణం ఇంటికి తానే పోయి పేరు చెప్పి రాయించుకుందట. ఇది ఆమె మొదటి ఓటు.

అంతకు ముందు వరస నిదానంగా కదులుతుంటే ఆమె మధ్యలో వెనక వరండాకు పోయి, అవ్వ దగ్గర వదిలిన కొడుకును చూసి వచ్చింది. వాడు తల్లి చెయ్యి పట్టుకుని, వేపపుల్లతో తన ఉద్యోగం తాను చేశాడు. ఎడమచెయ్యి, చూపుడువేలు, గోరు మీద. అప్పటిదాకా పిల్లల వరసలో చూసి నేర్చుకున్నది తప్పెందుకు పోతుంది?

టీచరమ్మ వేలు పట్టుకుని ఆగిపోయింది. బెంచీ మీది నుంచి ఓబులేసు అనే ఏజెంటు లేచాడు.

"ఆగండి సార్. ఆ వేలేంది అట్లుంది? ఏమమ్మా, ఎన్నిసార్లేస్తావ్ ఓటు?"

"నా కొడుకు పెట్టినాడు నాయనా."

గదంతా నవ్వింది. "కొడుకు పెట్టినాడంట! ఈ సాకు నాకు తట్టకపాయె. తట్టుంటే మా ఊరోళ్ళను రెండుసార్లు తెచ్చుకుందును గదా" అన్నాడు ఓబులేసు.

నేనప్పుడు ఏం చేశానో ఇప్పటి దాకా ఎవరికీ సరిగా చెప్పలేదు. వెంటనే లేచి నిజం చెప్పాననే చెప్పేవాణ్ణి. లేవలేదు. నిబంధనల పుస్తకం తీశాను. వేలికి గుర్తు ఉన్నవారికి బాలెట్ ఇవ్వరాదన్న చోట వేలు పెట్టి గట్టిగా చదివాను. విచారించి చెబుతాను, పక్కన కూర్చోమన్నాను. విచారించడానికి ఏమీ లేదని నాకు తెలుసు. పోలింగ్ స్టేషను ఆవరణలో సిరాలాంటి రంగు తయారుచేసింది ప్రిసైడింగ్ ఆఫీసరే అని ఒప్పుకుంటే సస్పెన్షను రావచ్చు, ఊరికి రీపోలూ రావచ్చు. నాకు ఇద్దరు పిల్లలు, ఒక ప్రమోషను దగ్గరలో ఉంది.

నాగమ్మ వెనక వరండాలో కూర్చుంది. గొడవ చెయ్యలేదు. ఆ వేలిని మిగతా వేళ్ళకు ఎడంగా, చీరకు తగలకుండా చాపి పెట్టుకుంది. పొద్దు దిగేలోపు మంద దగ్గరికి చేరాలి, అయినా లేవలేదు. ఆ కూర్చోవడం రెండున్నర గంటలు.

నాలుగు దాటాక నీళ్ళకని వెనక్కి పోయాను. అవ్వ చెంబు అందిస్తూ గొంతు తగ్గించకుండానే అడిగింది: "సారూ, సిచ్చ పిల్లోడికా, తల్లికా?"

"నిబంధన అట్లుంది అవ్వా."

"నిబంధన సరే. చిప్పలో రంగు కలిపిందెవురు? ఆ ముక్క లోపల చెప్పినావా?"

నాగమ్మ నావైపు చూడనైనా చూడలేదు. వాడు ఆమె ఒళ్ళో నిద్రపోతున్నాడు. ఆ వేలు వాడి చెమట చెంపకు తగిలి ఊదారంగు చార ఒకటి దిగింది. మా సీసాలో సిరా అయితే ఆరాక అట్లా దిగదు.

నాలుగున్నరకు ఏజెంట్లను, టీచరమ్మను పిలిచాను. అప్పటికే ఓటు వేసిన ఒకామె వేలిని తడిగుడ్డతో రుద్దించాను. సిరా కదల్లేదు. నాగమ్మ వేలిని రుద్దించాను. గుడ్డ అంతా ఊదా అయింది.

ఓబులేసు గుడ్డ తీసుకుని వాసన చూశాడు. "మరి ఈ రంగు పిల్లోళ్ళకు యాడిది?"

"నేనిచ్చాను" అన్నాను. పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాను.

ఓబులేసు దాన్ని చూసి, "పొద్దున్నించి మేం దొంగ ఓటు కోసం కాపలా కాస్తాంటే, దొంగ సిరా నీ కాడుందా సారూ!" అన్నాడు. రాతపూర్వకంగా ఆక్షేపణ ఇస్తానన్నాడు, ఇచ్చాడు. అది అతని హక్కు. కానీ ఆమెకు బాలెట్ ఇవ్వడానికి అడ్డు చెప్పలేదు.

టీచరమ్మ పక్కవేలికి పెట్టబోతే నాగమ్మ ఒప్పుకోలేదు, ఆ చూపుడువేలికే పెట్టమంది. టీచరమ్మ ఊదారంగు మీదనే అసలు సిరా పెట్టింది. నాగమ్మ తెరచాటుకు పోయి, చాలాసేపు ఉండి, వచ్చి రెండు కాగితాలూ పెట్టెల్లో వేసింది. పోతూ పోతూ నా బల్ల దగ్గర ఆగింది.

"సారూ, వీడు పెట్టింది పోతాది, ఆయమ్మ పెట్టింది పోదు. అంతే గదా?"

అంతేనమ్మా అన్నాను. కొడుకును భుజాన వేసుకుని కొండ వైపు నడిచింది.

ప్రిసైడింగ్ ఆఫీసరు డైరీ అని ఒకటి ఉంటుంది. ఆ రోజు జరిగిన విశేషాలు అందులో రాసి పెట్టెలతో పాటు అప్పగించాలి. జరిగింది రాశాను. రెండున్నర గంటల జాప్యాన్ని మాత్రం "విచారణ నిమిత్తం" అని రాశాను. సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. ఇకమీదట జాగ్రత్తగా మెలగవలసిందని సర్వీసు రిజిస్టరులో ఒక వాక్యం ఎక్కింది. రీపోల్ రాలేదు. ప్రమోషను రెండేళ్ళు వెనక్కి పోయింది. నడుము నొప్పి వల్ల డిపార్టుమెంటు పరీక్షకు కూర్చోలేదని బంధువులకు చెప్పాను.

తర్వాత నా పిల్లలకూ మనవళ్ళకూ ఆ వరండా ఆటలన్నీ ఆడించాను. చెంబు, పిక్కలు, నీళ్ళ పలక, ముడుల గుడ్డ, బెండు ఎద్దులు, అన్నీ ఈరమ్మవి. వాటిలో ఒక్కటి కూడా గుర్తు మిగల్చదు; చెంబు ఖాళీ అవుతుంది, పలక ఆరిపోతుంది, ముడి విడిపోతుంది. అవి పిల్లలను అందుకే పట్టి ఉంచాయి, అందుకే ఎవరికీ కీడు చెయ్యలేదు. ఆ రోజు ఆటల్లో నేను సొంతంగా కనిపెట్టింది ఒక్కటే, ఆ సిరా.