ప్లగ్గు ముట్టే ముందు తోమాసు

చొప్పదండిలో ట్రాక్టర్ల వైరింగు పని చేసే తోమాసుకు ఒకటే జబ్బు: బండిని వదిలేసి, బండి తెచ్చిన మనిషిని ప్రశ్నలతో చంపుతాడు. హారన్ మోగడం లేదంటే "రాత్రి ఏం కూర?" అంటాడు. బ్యాటరీ దిగిందంటే "కాళ్లు గుంజుతున్నయా?" అంటాడు. ఒకాయన డైనమో బాగు చేయించుకోవడానికి వచ్చి, మేనత్త మోకాళ్ల నొప్పుల చరిత్రంతా చెప్పి, డైనమో మాట మరిచి ఇంటికి పోయాడట. భార్య రిబ్కమ్మ చనిపోయాక మాట్లాడే తోడు లేక ఇట్లా తయారయ్యాడని ఊరంతా అనుకునేది.

ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి రాజయ్య పత్తి ట్రాలీతో వచ్చి షెడ్డు ముందు ఆపాడు. కిరాయికి ట్రాక్టర్ నడుపుకునే ఒంటరి మనిషి. అయిదింటికి జిన్నింగ్ మిల్లు గేటు మూస్తారు. తర్వాత రెండు రోజులు సెలవు. పైన మబ్బు. వెనక లైట్లు లేని ట్రాలీని గేటు దాటనివ్వరు. ట్రాక్టర్ నుంచి ఆ లైట్లకు కరెంటు పోయేది వెనకున్న ప్లగ్గు నుంచే.

"అన్నా, బ్రేకు తొక్కితే ఇండికేటర్లు మినుకుమంటున్నయి. ఎడమది వేస్తే కుడిది కూడ కొట్టుకుంటది. దయ్యం పట్టినట్టే ఉన్నది. జర జల్ది సూడు."

"పొద్దుగాల ఏం తిన్నవు?"

"ప్లగ్గును అడుగన్నా, నన్నెందుకు?"

"ప్లగ్గు తినదు గదా. నువ్వు చెప్పు."

"చాయ్."

"నిన్న?"

"చాయ్... రెండు."

"పండుకున్నదెప్పుడు?"

రాజయ్య ఆలోచించాడు. రెండు రాత్రులూ పత్తి నింపుడే. ఈ మాట తనను ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"గదంత ఎందుకే! నా ఫికర్ గేటుది!"

"దీని రోగం పెద్దది. గంటన్నర పడ్తది. గా మంచం మీద కూసో" అంటూ తోమాసు తన జొన్నరొట్టె, తొక్కు అతని చేతిలో పెట్టాడు. రాజయ్య తిట్టుకుంటూనే తిన్నాడు. ఒక తిట్టు సగంలో ఉండగానే నిద్రలోకి ఒరిగిపోయాడు.

ఎవరో భుజం కుదిపితే లేచాడు.

"నాలుగైంది. మిల్లుకు ఇరవై నిమిషాలు. పో ఇగ."

"ప్లగ్గు?"

"ఎర్త్ వైరుకు చిలుము పట్టింది. గీకి బిగించిన. పది నిమిషాల పని."

"పది నిమిషాలా! మరి గంటన్నర అంటివి?"

"అది నీకు. లైట్లుంటె వెనకొచ్చేటోనికి నువ్వు కనబడ్తవు. ముందలొచ్చేటోడు నీకు కనబడొద్దా?"

రాజయ్య కళ్లు తుడుచుకుని ట్రాక్టర్ ఎక్కాడు.

అతను ఒక్కో లైటు వేసి చూపిస్తుంటే తోమాసు వెనక రోడ్డు మీద నిలబడి అరిచాడు. "ఎడమది మంచిగున్నది! కుడిది మంచిగున్నది! బ్రేకు సుత మంచిగున్నది, పో!"

కొంత దూరం పోయాక ఆ గొంతు వినబడలేదు. రోడ్డు తిన్నగా ఉంది, అడ్డం ఎవరూ లేరు. అయినా రాజయ్య ఎడమ ఇండికేటర్ వేశాడు. తర్వాత కుడిది. తర్వాత బ్రేకు తొక్కి, సీటు మీంచి పక్కకు వంగి వెనక్కి చూశాడు.

అంత దూరాన తోమాసు ఎడమ చెయ్యి ఎత్తాడు. తర్వాత కుడి చెయ్యి. తర్వాత రెండూ.